కండెలో రెండో పిడుదు

యుద్ధం రోజుల్లో బెజవాడ లేబరేటరీలో నేను రాసిన రిజిస్టరు ఇప్పటికీ ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. అందులో నా చేతిరాతతో ఒక వరుస ఉంది. "పిడుదు. ఒకటి. పశువులది. మనుషులను పట్టదు." ఈ నాలుగింటిలో నిజమైనది మొదటిదొక్కటే.

పురుగులను గుర్తుపట్టే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు పైన ఉండి, ఈమధ్యనే రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నా గురించి మంచి మాటలు చాలా చెప్పారు. తల వంచుకుని విన్నాను. వాటిలో ఏ ఒక్కటీ ఇక్కడ రాయను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు అవి పనికిరావు. పనికొచ్చేది ఆ తప్పు వరుస. దాన్ని సరిచేయడానికి రిజిస్టరు నా చేతిలో లేదు కాబట్టి ఇక్కడ సరిచేస్తున్నాను.

పొట్ట కాదు, మూతి

మా లేబరేటరీ ఏలూరు కాలువకు దగ్గర్లో ఒక మేడ మీద ఉండేది. రెండు గదులు, ఒక మైక్రోస్కోపు, స్పిరిట్ వాసన. రోజంతా దోమలే మా పని. కాలువలున్న జిల్లా, మలేరియా జిల్లా. పిడుదులు ఎప్పుడో ఒకసారి వచ్చేవి. ఎద్దుల మెడ కింద, కుక్కల చెవుల్లో పట్టి రక్తం తాగే పురుగులే అవి. కొన్ని ఊళ్ళలో గోమార్లు అంటారు. వాటిలో కొన్ని రకాలు అప్పుడప్పుడు మనిషిని కూడా పడతాయి. పట్టినప్పుడు కొన్నిసార్లు జ్వరాన్ని అంటించి పోతాయి. అందుకే ఏ రకమో తెలియాలి.

నాకు పని నేర్పింది సుందరరామయ్యగారు. హెడ్ అసిస్టెంటు. పొడుం పీల్చేవారు, ఆ పొడుం స్లయిడ్ల మీద పడితే నన్ను తిట్టేవారు. నేను చేరిన మొదటి వారంలో రక్తం తాగి ఉబ్బిన రెండు పిడుదులను నా ముందు పెట్టి ఏది ఏదో చెప్పమన్నారు. రెండూ ఆముదపు గింజల్లా ఉన్నాయి. చూసి చూసి, "రెండూ ఒకటేనండి" అన్నాను.

"పొట్ట చూస్తావేంరా అబ్బాయ్. పొట్ట నిండాక అందరూ ఒకటే. మూతి చూడు."

చూపించారు. కుక్క పిడుదుకు తల మొదలు ఆరు మూలలుగా కోసుగా ఉంటుంది. ఒంటి వెనక అంచున వరుసగా నొక్కులుంటాయి, గుడ్డ అంచుకు కుట్టు వేసినట్టు. పశువుల పిడుదుకు ఆ నొక్కులుండవు. రక్తం తాగి ఉబ్బితే కుక్క పిడుదుకూ నొక్కులు సాగి కనబడకుండా పోతాయి. అప్పుడు మిగిలేది తల ఒక్కటే. ఆ తల ఊడిపోతే ఇక ఏమీ చెప్పలేం.

"అప్పుడేం రాయాలండి?"

"తెలియలేదని రాయాలి. సిగ్గా?"

సిగ్గే. ఆ వయసులో నాకు చాలా సిగ్గు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకసారి ఒక ప్లీడరు గుమాస్తా నడుం మీద ఉలిపిరికాయ లేచిందని, రోజురోజుకీ పెరుగుతోందని బెంగపడి వచ్చాడు. సున్నం రాశాడట, దారం కట్టాడట. సుందరరామయ్యగారు భూతద్దం పెట్టి చూసి, "మీ ఉలిపిరికి కాళ్ళున్నాయండీ. ఎనిమిది" అన్నారు. ఆ గుమాస్తా మా బల్ల మీదికి ఎక్కినంత పని చేశాడు. మేమంతా నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. చదువుకున్న మనిషికి తన ఒంటి మీద ఉన్నదేమిటో తెలియలేదని. తర్వాత నెల తిరగకుండానే చదువులేని ఒక మనిషి తనకు తెలిసిన సంగతి నా దగ్గరికి తెచ్చి చెప్పింది. నేను వినలేదు.

రమణమ్మ

ఆమె పేరు రమణమ్మ. ఉయ్యూరు అవతల ఒక నేతవాళ్ళ వీధి. భర్త కోటయ్య. ఇద్దరికీ కలిపి ఒక గుంట మగ్గం. గుంట మగ్గమంటే తెలియని వాళ్ళకు చెబుతాను. నేలలో నడుము లోతు గుంట తవ్వుతారు. నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. పొద్దున్న దిగితే అన్నం వేళకు పైకి లేస్తాడు. రోజంతా మోకాళ్ళ కింద భాగం ఆ మట్టి గోడల మధ్యే ఉంటుంది.

కోటయ్యకు పది రోజులుగా జ్వరం. ఒంటి మీద ఎర్రమచ్చలు. పెట్రోలు దొరకని ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సు పట్టుకుని ఆమె బెజవాడ వచ్చి, పెద్దాసుపత్రిలో ఎవరో చెబితే మా మేడ ఎక్కింది. సుందరరామయ్యగారు ఆ వేళ సెలవు. నేనొక్కణ్ణే ఉన్నాను. కొంగు ముడి విప్పి ఒక కండె బల్ల మీద పెట్టింది. కండె అంటే పేక నూలు, అంటే అడ్డపోగుల నూలు, చుట్టి మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే వేలెడు రెల్లు గొట్టం. దానికి రెండు వైపులా దూది కుక్కి ఉంది.

"ఇందులో రెండున్నాయి బాబుగారూ. ఒకటి మా ఆయన పిక్క మీదది. ఆయనే గోరుతో పీకేశాడు, మూతి లోపలే ఉండిపోయింది. రెండోది గుంట గోడలో దొరికింది. చీపురుపుల్లతో తీశాను, దానికేం కాలేదు."

"గుంటలోనా?"

"ఆ గుంటే బాబూ. అందులో ఉన్నాయవి. నేను చెబితే ఆయన నవ్వుతాడు."

ఒక వైపు దూది తీసి పళ్ళెంలో తట్టాను. ఒకటి పడింది. ఉబ్బి, బూడిద రంగులో, తల లేకుండా. మళ్ళీ తట్టాను. ఇంకేం పడలేదు.

"ఒకటే ఉందమ్మా."

"రెండు పెట్టానండి. నా చేతులతో పెట్టాను."

"దారిలో పడిపోయి ఉంటుందిలే."

రెండో వైపు దూది తీసి చూడలేదు. ఎందుకు చూడలేదో ఈ ముప్పై ఏళ్ళలో చాలాసార్లు ఆలోచించాను. పెద్ద కారణమేమీ లేదు. అన్నం వేళయింది. అంతే.

తల లేని పిడుదును చూసి పశువుల పిడుదని చెప్పాను. ఆ పరిమాణం, ఆ రంగు అప్పటికి నేను ఎద్దుల మీద చూసినవే. "మీ ఇంట్లో గేదె ఉందా?" అని అడిగాను. ఉందంది. నాకు అది చాలింది. "ఇది మనుషులను పట్టే రకం కాదు. మీ ఆయన జ్వరానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాను.

"మరి పిక్క మీద పట్టింది కదండీ?"

 రిజిస్టరు తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. కండెను సొరుగులో పడేశాను.

నేను కాపాడిన పడుగు

నా మాట మా లేబరేటరీ పై అధికారి అయిన డాక్టరుగారికి చేరింది. ఆయన కంగారు మనిషి. యుద్ధం రోజుల్లో పేల వల్ల వచ్చే జ్వరమంటే పై అధికారులకు హడలు. పిడుదు కాదంటే ఇక పేలే అని ఆయన తేల్చుకున్నారు. రెండు రోజుల తర్వాత ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరునీ నన్నూ వెంటబెట్టుకుని ఆ వీధికి వెళ్ళారు.

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఇంట్లో గుడ్డలన్నీ బయట వేయించి, పెద్ద గూనలో ఉడకబెట్టించాడు. తలకు కిరసనాయిలు పట్టించమన్నాడు. రమణమ్మ జుట్టు విప్పి ఆయన ముందుకే వచ్చింది.

"మా ఇంట్లో పేలు లేవండి. ఇదిగో దువ్వెన. మీరే చూసుకోండి."

దువ్వి చూశాం. ఒక్కటి లేదు. కోటయ్య తలలో లేదు, గుడ్డల మడతల్లో లేదు. అయినా రిపోర్టులో "అపరిశుభ్రత వల్ల పేలు" అనే వెళ్ళింది. అలికి ముగ్గు పెట్టిన ఇల్లు అది. ఈ సంగతి కూడా నేను ఇక్కడ సరిచేయాల్సిందే.

మగ్గం గదిలోకి వెళితే గుంటలో ఒక వీధికుక్క చల్లగా పడుకుని ఉంది.

పక్కింటి ముసలామె గుమ్మంలోంచి, "అది మా కోటయ్య జీతగాడండి! మధ్యాహ్నం పూట అదే నేస్తుంది" అంది. అందరూ నవ్వారు. మంచం మీద నీరసంగా పడి ఉన్న కోటయ్య కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. కుక్కను చూశాను, గుంటను చూశాను, నవ్వాను. కళ్ళు ముందున్నదాన్ని చూసినా మనసులో ముందే ఒక జవాబు ఉంటే ఏమీ కనబడదు. నాకు ఆ వేళ ఏమీ కనబడలేదు.

డాక్టరుగారు మగ్గం మీద నిలువు పోగులుగా బిగించి ఉన్న పడుగును చూపించి, "ఇదీ తీసి ఉడకబెట్టించండి" అన్నారు.

రమణమ్మ గట్టు మీద కూలబడింది. ఆ రోజుల్లో నూలు దొరకడమే గగనం. యుద్ధకాలపు కంట్రోలు, రేషను. పేక నూలు చిన్న చిన్న కట్టల్లో, చిలప చిలపగా వచ్చేది. అందుకని నెల రోజుల్లో దిగాల్సిన పడుగు నాలుగు నెలలుగా మగ్గం మీదే ఉంది. ఉడకబెడితే గంజి పోయి, రంగు దిగి, ఇక అది నూలే కాదు.

అప్పుడు నేను ముందుకొచ్చాను. "పడుగులో పేలు ఉండవండి, వాటికి ఒంటి వెచ్చదనం కావాలి. వదిలేద్దామండి" అని డాక్టరుగారికి నచ్చజెప్పాను. ఆయన సరేనన్నారు. రమణమ్మ నాకు రెండు చేతులా దణ్ణం పెట్టింది. తిరుగు ప్రయాణంలో నా మీద నాకే ముచ్చటేసింది.

నాకు అప్పుడు తెలియనిది ఒకటుంది. మగ్గం మీద పడుగు ఉన్నంతకాలం ఆ వీధిలో ఎవరూ గుంట గోడలు అలకరు. పేడనీళ్ళు చింది నూలు మీద మరక పడుతుందని. పడుగు దిగిన రోజునే గుంటను మట్టీ పేడా పెట్టి మెత్తి, బీటలన్నీ పూడ్చి, ఆరాక కొత్త పడుగు ఎక్కిస్తారు. మామూలు రోజుల్లో నెలకోసారి జరిగే పని అది. యుద్ధం వల్ల నాలుగు నెలలు జరగలేదు. ఆ నాలుగు నెలల బీటల్లో కుక్క ఒంటి మీదనుంచి రాలిన పిడుదులు గుడ్లు పెట్టి పెరిగాయి. ఆ వేళ పడుగు తీసేసి ఉంటే సాయంత్రానికల్లా గుంట అలికేవాళ్ళు. నేను కాపాడింది పడుగును కాదు, వాటిని.

తొమ్మిది రోజులు

వారం తర్వాత ఒక పెన్సిలు కోసం సొరుగు తెరిచాను. కాగితాల మీద ఏదో కదిలింది. చిన్నది, గోధుమ రంగు. కండె చివర దూది కాస్త ఊడి ఉంది. రెండో వైపు దూది, నేను తీయనిది.

భూతద్దం కింద పెట్టాను. రక్తం తాగనిది కాబట్టి అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆరు మూలల తల. వెనక అంచున కుట్టు వేసినట్టు నొక్కులు. కుక్క పిడుదు. ఇల్లు వదలదు, గోడల బీటల్లో దాక్కుంటుంది, నెలల తరబడి తిండి లేకుండా బతుకుతుంది, కుక్క దొరకనప్పుడు మనిషిని పడుతుంది. అన్ని రోజులు సొరుగులో ఉండి కూడా చలాకీగా నడుస్తోంది.

 నాకు మొదట గుర్తొచ్చింది కోటయ్య కాదు. కోటయ్య కోలుకుంటున్నాడు, మంచం మీద ఉన్నాడు. అతను మంచం మీద ఉంటే ఆ మగ్గం మీద ఎవరు కూర్చుంటున్నారు?

సుందరరామయ్యగారికి చూపించాను. ఆయన చూసి, కళ్ళద్దాలు తీసి, "ఇవాళే వెళ్ళి చెప్పు. ముందు ఆ గుంటలోంచి ఆవిడను లేపు. తర్వాత డాక్టరుగారికి చెప్పు" అన్నారు.

"రేపు వెళతానండి."

"రేపెందుకయ్యా?"

ఎందుకంటే రిపోర్టు మద్రాసు వెళ్ళిపోయింది. అందులో నా పేరుంది. నా ఉద్యోగం ఇంకా టెంపరరీ. డాక్టరుగారు అంతకు ముందు రోజే నా భుజం తట్టారు. ఈ మాటలేవీ ఆయనతో అనలేదు.

రేపు వెళ్ళలేదు. ఎల్లుండి ఒక కార్డు రాశాను. కింద సంతకం పెట్టకుండానే చింపేశాను. ఇంకోటి రాసి అదీ చింపాను. సుందరరామయ్యగారు అడిగితే, "కబురు పంపానండి" అన్నాను. ఆయన నమ్మారు. పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళి కొత్తగా చేరిన జ్వరాల జాబితా చూసేవాణ్ణి. ఉయ్యూరు వైపు పేరు లేకపోతే ఊపిరి పీల్చుకునేవాణ్ణి, ఇంకో రోజు దొరికినట్టు.  స్నానానికి వెళితే చంకలు, మోకాళ్ళ వెనక వెతుక్కునేవాణ్ణి, ఏదో పాకుతున్నట్టుండేది. నా ఒంటి మీద లేనిదాన్ని అంత జాగ్రత్తగా వెతుక్కున్నాను. ఎక్కడ ఉందో తెలిసిన చోటికి మాత్రం వెళ్ళలేకపోయాను.

తొమ్మిదో రోజున బస్సెక్కాను.

వీధి మలుపు తిరగగానే మగ్గాల చప్పుడు. ఇంటింటా ఒకటే చప్పుడు. వాళ్ళ ఇంటి నుంచి మాత్రం రావడం లేదు. అప్పుడే తెలిసింది నాకు.

రమణమ్మ చాప మీద ఉంది. మనిషికి స్పృహ లేదు, ఏదో గొణుగుతోంది. కోటయ్య గోడకు ఆనుకుని కూర్చుని తడిగుడ్డ వేస్తున్నాడు. ఆమె అరచెయ్యి తిప్పి చూశాను. అరచేతిలో మచ్చలు. అరికాళ్ళలో మచ్చలు. పేల జ్వరానికి సాధారణంగా అరచేతుల్లో మచ్చలు రావు, పిడుదు జ్వరానికి వస్తాయి. ఆ వేళ కోటయ్య అరచెయ్యి కూడా ఎవరం తిప్పి చూడలేదు.

"ఎన్ని రోజులైంది?"

"మూడు రోజులండి. అప్పటిదాకా నేస్తూనే ఉంది. పడుగు నిలిచిందన్న సంతోషంలో లేవమన్నా లేవలేదు బాబూ."

రోజులు లెక్క వేసుకున్నాను. సొరుగు తెరిచిన రోజున ఆమె ఒంట్లో ఏమీ లేదు.

"పడుగు తీసెయ్యాలి. గుంట అలకాలి. ఇప్పుడే" అన్నాను.

"ఎందుకండీ?"

"ఆఫీసు నుంచి కొత్త ఆర్డరు."

అదీ అబద్ధమే. కోటయ్య లేవలేక లేచి కత్తి తీసుకుని పడుగు తనే కోశాడు. "నూలే కదండీ" అన్నాడు. లాంతరు పట్టుకుని గుంటలోకి దిగాను. బీటల్లో వరుసగా, ఆముదపు గింజలు కూరినట్టున్నాయి. పక్కింటి ముసలామె కిరసనాయిలు తెచ్చి పోసింది. ఇద్దరం కలిసి మట్టితో మెత్తాం.

ఆ తర్వాత

రమణమ్మ బతికింది. ఈ జ్వరంలో చెవులు దెబ్బతినడం తర్వాత కూడా అక్కడక్కడా చూశాను. ఆమెకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి.

డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు బల్ల మీదున్న కాగితాలు సర్దుకున్నారు. "మనిషి బతికింది కదా. రిపోర్టు పైకి వెళ్ళింది. ఇక దాన్ని కదపకు" అన్నారు. నేను కదపలేదు. తప్పు ఆయన మీద పెట్టను. ఆయన తెలియక రాశారు, నేను తెలిసి ఊరుకున్నాను. ఆ వీధికి బెజవాడ గుడ్డల కొట్లలో "పేల వీధి" అని పేరొచ్చిందని, కొందరు ఆ వీధి సరుకు ముట్టడం మానేశారని విన్నాను. అప్పుడూ ఊరుకున్నాను. సుందరరామయ్యగారు నాతో మునుపటిలా మాట్లాడలేదు.

పిల్లలూ, ఈ పనిలో మీకు చెప్పాల్సింది ఏమన్నా ఉంటే ఇదే. నమూనా తెచ్చిన మనిషి చెప్పే ప్రతి మాటా రాసుకోండి. ఎక్కడ దొరికింది, ఎన్ని, ఎవరు తీశారు, ఎలా తీశారు. గొట్టానికి రెండు వైపులుంటే రెండు వైపులా చూడండి. తల లేకపోతే తెలియలేదని రాయండి. తప్పు రాశారని తెలిస్తే ఆ పూటే బస్సెక్కండి. ఒక పూట ఆలస్యమైతే దాని వెనకే ఇంకో పూట వస్తుంది. అది నేను దగ్గరుండి చూశాను.

రిటైరైన వారానికి ఉయ్యూరు బస్సెక్కాను. జేబులో ఆ కండె ఉంది. ఇన్ని బదిలీల్లోనూ దాన్ని పారేయలేదు.

కోటయ్య తల పండిపోయింది. నన్ను గుర్తుపట్టాడు. "రండి బాబుగారూ, రండి! మా పడుగు నిలబెట్టినాయన" అని లోపలికి కేకేసి, కేక వేసి లాభం లేదని తనే నవ్వుకున్నాడు. "ఇన్నేళ్ళూ మీ పేరు చెప్పుకుంటూనే ఉన్నామండి. ఆఫీసరుతో మా తరఫున మాట్లాడారని."

ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. మొదటినుంచి చెప్పాను. దూది, సొరుగు, తొమ్మిది రోజులు, ఆర్డరు రాలేదన్న సంగతి. అతను నన్ను ఆపలేదు. అయిపోయాక పంచె అంచు సవరించుకున్నాడు.

"నాకు చెబితే ఏముందండీ," అన్నాడు చివరికి. "అదిగో, దానికి చెప్పండి."

రమణమ్మ మగ్గం మీద ఉంది. ఇప్పుడు గుంటకు సిమెంటు చేయించారు. నాడె చప్పుడు ఆమెకు వినబడదు. పోగు తెగితే కాలికి తెలుస్తుందట. నా నీడ పడి తలెత్తింది. ఎలా చెప్పాలో తెలియక జేబులోంచి కండె తీసి ఆమె చేతిలో పెట్టాను.

ఆ దూదిని ఆమె కాసేపు చూసింది. రెల్లు గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత, చెవులు వినబడనివాళ్ళు మాట్లాడినట్టు వీధి చివరిదాకా వినబడేలా అడిగింది.

"రెండున్నాయి కదూ?"

తలూపాను. ఆమెకు సరిగ్గా తెలియాలని రెండు వేళ్ళు చూపించాను.

"చెప్పాను" అంది రమణమ్మ. కండెను నా చేతిలో పెట్టి, నాడె అందుకుంది.